షావుకారు లేని దుకాణం

మా ముత్తాతగారు గోదావరి పాయల నడుమ ఒక చిన్న జమీకి ఏలిక. ఆయన తండ్రిగారు ఆ జమీని నిలబెట్టినవారు. ఒక కరువు ఏడాది రైతులకు శిస్తు వదిలేసి, సర్కారుకు కట్టవలసింది ఇంట్లో ఆడవాళ్ళ నగలు తెగనమ్మి కట్టారని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. మా తాతగారు ఆనరరీ మేజిస్ట్రేటు. ఆయన చొక్కాలకు జేబులుండేవి కావు. డబ్బు స్వయంగా ముట్టుకోవలసిన అవసరం ఆయనకు రాలేదు. వెనక ఒక గుమాస్తా నడిచేవాడు, ఇవ్వవలసినది అతనే ఇచ్చేవాడు. జమీలు రద్దయ్యాక మా నాన్నగారి చొక్కాకు మొదటిసారి జేబు కుట్టించారు. తాలూకాఫీసులో తెచ్చుకున్న జీతం ఆయన ఆ జేబులో పెట్టుకున్నారు. నేను ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి, ఆర్.కె. పురం క్వార్టర్సులో ఒక్కగానొక్క కూతుర్ని పెంచి, రిటైరయ్యాక గ్రేటర్ నోయిడాలో పదకొండో అంతస్తులో ఒక ఫ్లాటులో ఉంటున్నాను. కింద గేటు దగ్గర సెక్యూరిటీవాడికి నేను ఫ్లాటు నంబరును మాత్రమే.

ఇది గొప్పకు చెప్పడం లేదు. టీవీలో సరుకులమ్మే చానళ్ళు డబ్బుకు తగిన విలువ ఇస్తాయా అని మా అపార్ట్‌మెంటులో పెద్దవాళ్ళం సాయంత్రం బెంచీల మీద కూర్చుని వాదించుకుంటూ ఉంటాం. ఒకాయన తనకు వచ్చిన మిక్సీ గురించి చెబుతాడు, ఇంకొకాయన తనకు రాని మిక్సీ గురించి చెబుతాడు. నా జవాబు మిక్సీతో తేలేది కాదు. అది మా అమ్మగారితో మొదలవుతుంది. ఆవిడ ఎందుకు కొన్నారో అర్థం కావాలంటే ఆవిడ ఏ ఇంటి కోడలో ముందు తెలియాలి.

అమ్మగారు ఘోషా ఉన్న ఇంటికి కోడలుగా వచ్చారు. మా ఇంటి ఆడవాళ్ళు దుకాణం గడప తొక్కేవారు కాదు. దుకాణమే మా ఇంటికి వచ్చేది. చీరల వర్తకుడు మూటలతో, గాజులవాడు మలారంతో, కంసాలి తన పెట్టెతో వచ్చి సావిట్లో చాప మీద కూర్చునేవారు. పరదా వెనక నుంచి ఆడవాళ్ళు చూసేవారు. ఆ వ్యవహారానికి కొన్ని కట్టుబాట్లుండేవి. మూట విప్పిన వర్తకుణ్ణి వట్టి చేతులతో పంపకూడదు. ఏదీ నచ్చకపోతే కనీసం ఒక రవికెల గుడ్డ తీసుకోవాలి. చెప్పిన ధర మీద బేరమాడకూడదు. ఒకసారి లోపలికి తీసుకున్న వస్తువును మళ్ళీ బయటికి విసరకూడదు. ఎండన పడి వచ్చిన మనిషికి మజ్జిగ ఇవ్వాలి.

ఇదంతా వర్తకుడికే లాభం కదా అనిపిస్తుంది. కాని అతని వైపు కూడా కట్టుబాటు ఉండేది. మరుసటి ఏడు వచ్చి అదే చాప మీద, అదే పరదా ముందు కూర్చోవాలి. ఒకసారి మా మేనత్త తీసుకున్న చీర అంచు రంగు దిగిందట. మా వాళ్ళెవరూ వర్తకుడికి కబురు పంపలేదు. చాకలి ద్వారా ఎవరో అంటే విని, అతను ఇంకో చీర పట్టుకుని రెండు ఊళ్ళు దాటి వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడట. లోపలికి రమ్మంటే, ముందు ఈ చీర తీసుకున్నామని చెప్పించండి, అప్పుడు వస్తానన్నాడట. అమ్మగారు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఆ వర్తకుణ్ణి మెచ్చుకుంటున్నట్టు చెప్పరు. వర్తకుడన్నాక అంతే కదా అన్నట్టు చెబుతారు.

నాన్నగారు పోయాక అమ్మగారిని ఢిల్లీకి తీసుకువచ్చాను. హిందీ ఆవిడకు నాలుగు ముక్కలు వస్తుంది. ఈ ఊరు ఆవిడను తన పద్ధతిలో పిలిచింది. లిఫ్టులో ఆంటీజీ. మందుల షాపులో మాతాజీ. పనిమనిషికి అమ్మాజీ. మా ఇంట్లో పిల్లలం కూడా తల్లిని అమ్మగారూ అనే పిలుస్తాం. బయటివాళ్ళు పిలిచే ఈ పిలుపులన్నీ ఆవిడ వినీ విననట్టు ఊరుకునేవారు. మనవరాలు, అంటే మా అమ్మాయి, తెలుగు అర్థం చేసుకుంటుంది కాని జవాబు హిందీలో ఇస్తుంది. "మామ్మా, ఆప్ బోర్ హో జాతీ హో," మీకు పొద్దుపోవడం లేదు అని, తనే డిష్ వాళ్ళతో మాట్లాడి తెలుగు చానళ్ళన్నీ పెట్టించింది. వాటితోపాటు సరుకులమ్మే చానలు కూడా వచ్చి పడింది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక అమ్మగారు దాని ముందు కూర్చునేవారు. కుర్చీలో వెనక్కి వాలేవారు కాదు. పమిట సర్దుకుని, నిటారుగా కూర్చునేవారు. తెర మీద ఒక కుర్రవాడు ఒక మూకుడును సుత్తితో కొట్టి చూపించేవాడు. ఒకమ్మాయి చీర కుచ్చిళ్ళు విప్పి మళ్ళీ మడతపెట్టేది. నేను ఒకరోజు వార్తల కోసం రిమోట్ అందుకున్నాను.

"ఆగు బాబూ," అన్నారు అమ్మగారు. "ఆ అబ్బాయి ఇంకా చెబుతున్నాడు. మధ్యలో లేచిపోతే ఏం మర్యాద?"

"అమ్మగారూ, అతను మీకు కనబడుతున్నాడు కాని మీరు అతనికి కనబడరు."

"పరదా వెనక కూర్చున్నప్పుడు మాత్రం ఏ వర్తకుడికి కనబడ్డాను?"

రిమోట్ కింద పెట్టేశాను. వార్తలు చూడలేదు.

నవ్వులాటగా మొదలైనది అలా ముదిరింది. అతను మూట విప్పాడు గనక ఏదో ఒకటి తీసుకోవాలి. తెర మీద నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే వాళ్ళే తిరిగి చేస్తారు. తెలుగువాళ్ళకు తెలుగులో మాట్లాడే అమ్మాయిని పెట్టారు. ఆ అమ్మాయి మొదటి మాటే "అమ్మగారూ, నమస్కారమండీ." ఇంత పెద్ద ఊళ్ళో మా అమ్మగారిని అమ్మగారూ అని పిలిచిన మొదటి పరాయి మనిషి ఆ పిల్ల. అలా పిలవమని ఆ పిల్లకు ఎవరో నేర్పే ఉంటారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒక మనిషి జీవితమంతా మోసుకొచ్చిన గౌరవాన్ని, ఫోనెత్తగానే వాడే మొదటి వాక్యంగా మార్చి పెట్టుకున్నారు.

కూరగాయలు తరిగే యంత్రం వచ్చింది. దాని బ్లేడు ఉల్లిపాయను కోసింది, బెండకాయను నలిపింది, క్యారెట్టు దగ్గర విరిగింది. అంటుకోని పెనం వచ్చింది. దోసె మొదటి వారం అంటుకోలేదు. రెండో వారం నుంచి పెనం పైపూత దోసెకు అంటుకుంది. మోకాళ్ళకు అయస్కాంతం పట్టీలు వచ్చాయి. అవి వేసుకున్నందుకు అమ్మగారి మోకాళ్ళకు చెమట పట్టింది తప్ప ఇంకేమీ జరగలేదు. చీరలు కట్టగా వచ్చాయి. తెర మీద నెమలికంఠం రంగు, చేతిలో సిరా రంగు. తడిపిన బకెట్లో అదే సిరా రంగు. న్యాయంగా చెప్పాలంటే నేల తుడిచే కర్ర ఒకటి వచ్చింది, అది బాగుంది. ఇప్పటికీ వాడుతున్నాం. మా బెంచీ మీద పెద్దమనిషి ఎవరైనా టీవీలో కొన్నవన్నీ చెత్తే అంటే నేను ఆ కర్ర సంగతి చెబుతాను. అబద్ధం మా ఇంటా వంటా లేదు.

మా ఆవిడ మాస్టారి కూతురు. వాళ్ళింట్లో వంకాయ కూడా బేరమాడే కొంటారు. తరిగే యంత్రాన్ని చేత్తో తిప్పి చూసి, "ఏవండీ, ఇదే సరుకు మన సెక్టారు వారపు సంతలో తోపుడు బండి మీద సగం ధరకు దొరుకుతుంది. వాడు కనీసం ఎదురుగా నిలబడి అబద్ధమాడతాడు," అంది. ఇంకోరోజు అట్టపెట్టెలు అటక మీదికి ఎక్కిస్తూ, "మీ వంశంలో మగవాళ్ళు ఆస్తులు కూర్చుని అమ్మారు. ఆడవాళ్ళు కూర్చుని కొంటున్నారు," అంది. అమ్మగారికి వినబడింది. "అమ్మాయ్, కొన్నవాళ్ళు ఎప్పుడూ చెడిపోలేదు," అన్నారు ఆవిడ. అత్తాకోడళ్ళు అలా అనుకున్నాక ఇద్దరూ కలిసి కాఫీ తాగారు.

పార్సెలు తెచ్చే అతను యాభై దాటిన బీహారు మనిషి. అమ్మగారు అతన్ని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవారు. అతను మొహమాటంగా, "మాతాజీ, దేర్ హో రహీ హై," ఆలస్యమవుతోంది అంటూనే తాగేవాడు. నాన్నగారి ఫ్యామిలీ పెన్షను అమ్మగారు గుడ్డసంచీలో దాచుకునేవారు. అందులోంచి నోట్లు తీసి అతని చేతికి ఇచ్చేవారు. ఒకరోజు తెలుగులోనే అడిగారు: "ఏం నాయనా, నీ సరుకు బాగుంటుందా?"

నేను హిందీలో చెప్పాను. అతను నవ్వి, "మాతాజీ, డబ్బా బంద్ ఆతా హై, బంద్ దే దేతా హూఁ," అన్నాడు. పెట్టె మూసి వస్తుంది, మూసే ఇచ్చేస్తాను అని. అమ్మగారు తల ఊపారు. ఆవిడ అనుకుంటున్న వర్తకుడు అతను కాదని ఆవిడకు అప్పుడే తెలిసి ఉండాలి.

ఈ చానళ్ళ మీద నా కోపం వస్తువుల నాణ్యత గురించి మాత్రమే కాదు. తెర మూలన కొట్టేసి చూపించే ధర చూడండి. ఆ ధరకు ఆ వస్తువును ఎవరూ ఎన్నడూ అమ్మలేదు, ఎవరూ ఎన్నడూ కొనలేదు. అది కొట్టెయ్యడానికే పుట్టిన ధర. పక్కన ఒక గడియారం వెనక్కి నడుస్తుంది. అది సున్నాకు వస్తే బేరం అయిపోతుందని బెదిరిస్తుంది. సున్నాకు వచ్చాక ఏమవుతుందో నేను కూర్చుని చూశాను. మళ్ళీ మొదటి నుంచి నడిచింది. మా తాతగారి కచేరీలో ఇలా సాక్ష్యం చెప్పినవాణ్ణి బోనులోంచి దింపేవారు. నచ్చకపోతే తిరిగి పంపవచ్చు కదా అంటారు కొందరు. తప్పు సరుకు ఇచ్చి, పట్టుకుంటే పుచ్చుకుంటాననడం ఏ రకం నిజాయితీ? పెట్టె మళ్ళీ కట్టి, ఫోను చెవికి పెట్టుకుని, మనిషి ఎప్పుడొస్తాడో అని ఎదురుచూసే ఓపిక లేని ముసలివాళ్ళ మీదే ఈ వ్యాపారం నడుస్తోందని నా నమ్మకం.

అయినా ఇంతవరకు పోయింది పెన్షను డబ్బు. పోతే పోయిందని ఊరుకున్నాను. ఊరుకోలేనిది మా అమ్మాయి కూతురి అన్నప్రాశనప్పుడు వచ్చింది.

మా అమ్మాయి గుర్గావ్‌లో పనిచేస్తుంది. తనతో పనిచేసే పంజాబీ అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. అబ్బాయి తల్లిదండ్రులకు గాజియాబాద్‌లో గిన్నెల దుకాణం ఉంది. ఇత్తడి, స్టీలు, వెండి అన్నీ అమ్ముతారు. ఒకప్పుడు మా సావిట్లో వర్తకులు చాప మీద కూర్చునేవారు. ఇప్పుడు నా వియ్యంకుడు వర్తకుడు. ఆయన సోఫాలో కూర్చుంటే నేను లేచి నిలబడి పలకరిస్తాను. మంచి మనిషి. ఎప్పుడొచ్చినా పళ్ళ బుట్ట తెస్తాడు. కాని గిన్నె చేతికిస్తే దానిని బోర్లించి అడుగు చూడకుండా కింద పెట్టలేడు. ఆయన భార్య అంతకంటే.

పసిపిల్ల అన్నప్రాశన మా ఇంట్లో అనుకున్నాం. మా వంశంలో ఒక ఆచారం ఉంది. బిడ్డ మొదటి పాయసం తినే వెండి గిన్నె, చెంచా ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషి ఇవ్వాలి. అది ఆవిడ సొంత సొమ్ముతో రావాలి. ఆస్తులన్నీ పోయాక కూడా ఇది ఆగలేదు. నాకు మా నాయనమ్మ ఇచ్చారు. మా అమ్మాయికి అమ్మగారు ఇచ్చారు. ఇప్పుడు మునిమనవరాలికి ఇవ్వవలసిన వంతు కూడా ఆవిడదే. అమ్మగారు ఇంకేదీ కోరలేదు. వియ్యాలవారి ముందు ఆ ఒక్క గిన్నె తన చేత్తో పెట్టాలి. అంతే.

ఆవిడ ఎవరికీ చెప్పకుండా టీవీలో తెప్పించారు. మఖమల్ పెట్టెలో గిన్నె, చెంచా, చిన్న గ్లాసు. తెర మీద ఆ అబ్బాయి స్వచ్ఛమైన వెండి అన్నాడు. పెట్టెలో మెరిసే అట్టముక్క మీద కూడా అదే అచ్చు వేసి ఉంది. ఆ నెల పెన్షను, ముందు నెలల్లో మిగిల్చుకున్నది, అంతా దానికే పోయింది.

పెట్టె విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. గిన్నె చేతిలోకి తీసుకున్నాను. వెండికి ఒక బరువుంటుంది. అది అరచేతికి తెలుస్తుంది. ఈ గిన్నెకు ఆ బరువు లేదు. గోటితో మీటాను. మోగి, వెంటనే చచ్చిపోయింది. వంటింట్లోకి తీసుకెళ్ళి మా ఆవిడకు ఇచ్చాను. ఆమె చింతపండు పెట్టి అంచు తోమింది. తెల్లపూత కింద పసుపుపచ్చగా ఇత్తడి కనిపించింది.

"ఏం చేద్దామండీ?" అంది మెల్లగా. ఎగతాళి లేదు గొంతులో. "ఆవిడకు చెబుతారా? వియ్యపురాలు ఈ గిన్నె తిరగేసిందంటే..."

చెప్పకుండా ఉండడం ఎలా అని నేను ఆలోచిస్తుండగా అమ్మగారే వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"తోమి చూశారా?" అన్నారు.

"అమ్మగారూ, ఇది..."

"తెలుసు బాబూ. పెట్టెలోంచి తీసినప్పుడే తెలిసింది. నీకంటే ముందు నేను పట్టుకోలేదూ?"

"మరి వచ్చిన మనిషిని అప్పుడే ఆపకపోయారా? వెనక్కి ఇచ్చేవాళ్ళం కదా?"

"లోపలికి తీసుకున్నాక ఎలా ఇస్తాం? అతను మోసుకొచ్చినవాడు. అతన్నేం అంటాం?"

ఇక్కడ నేను గొంతు పెంచానని ఒప్పుకోక తప్పదు. ఈ కట్టుబాట్లు మన వైపే ఉన్నాయి అమ్మగారూ, వాళ్ళ వైపు లేవు. మీరు మూట విప్పినవాణ్ణి గౌరవిస్తున్నారు, వాడికి మీరు ఒక ఫోను నంబరు. ఈ మాటలన్నీ అనేశాను. అమ్మగారు అంతా విన్నారు. అప్పుడు ఫోను తెమ్మన్నారు. నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చి, స్పీకరు పెట్టమన్నారు. కాసేపటికి తెలుగు అమ్మాయి చేసింది.

"అమ్మగారూ, నమస్కారమండీ. చెప్పండి."

"అమ్మాయ్, మీరు పంపిన గిన్నె వెండి కాదు."

"అయ్యో, సారీ అమ్మగారూ. రిటర్న్ పెట్టేస్తానండీ. మనిషి వచ్చి తీసుకెళ్తాడు, డబ్బులు తర్వాత అకౌంటులో పడతాయి."

"వాపసు వద్దు. మీ షావుకారుని ఒకసారి మా ఇంటికి రమ్మని చెప్పు."

"ఎవరినండీ?"

"ఆ సరుకు ఎవరిదో ఆయన్ని. వచ్చి, కూర్చుని, ఈ గిన్నె చేత్తో పట్టుకుని, ఇది వెండేనని నాతో చెప్పమను. నేనేమీ అనను. మజ్జిగ ఇచ్చి పంపిస్తాను."

అవతల ఏదో గొణుగుడు. పక్కవాళ్ళను అడుగుతున్నట్టుంది.

"అలా ఎవరూ ఉండరండీ అమ్మగారూ. కంపెనీ అండీ."

"కంపెనీకి మనిషి ఉండడా?"

"సరుకు పంపేవాళ్ళు వేరేనండీ, టీవీలో చెప్పేవాళ్ళు వేరేనండీ. మేం ఫోన్లు చూసేవాళ్ళం. నేనైతే ఆ గిన్నె చూడనే లేదండీ."

అమ్మగారు ఫోను దగ్గరికి వంగారు. "నువ్వు భోంచేశావా అమ్మా?"

"ఇంకా లేదండీ. షిఫ్టు అయ్యాక."

"సరే. ముందు వెళ్ళి తిను."

"థాంక్యూ అమ్మగారూ. అమ్మగారూ, ఇవాళ మా దగ్గర వెండి దీపపు కుందుల మీద స్పెషల్ ఆఫర్..."

ఫోను నేను కట్టేశాను. ఆ పిల్లను తిట్టాలని నాకు లేదు. ఆమె చేత ఆ చివరి వాక్యం అనిపించినవాడు ఎవడో, అతన్ని తిట్టాలి. కాని అతను ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఈ వ్యాపారం అంతా నిలబడి ఉన్నది ఆ తెలియకపోవడం మీదే. చూపించేవాడు అమ్మడు, అమ్మేవాడు పంపడు, పంపేవాడు మోయడు, మోసేవాడు పెట్టె విప్పడు. తిట్టు తినడానికి ఒక్క మొహం కూడా మిగలకుండా ఏర్పాటు చేసుకున్నారు.

అమ్మగారు కోడలితో, "అమ్మాయ్, ఆ చానలు తీయించెయ్యి. షావుకారు లేని దుకాణంలో మనకేం పని," అన్నారు.

చానలు పోయింది. గిన్నె సమస్య మిగిలింది. అన్నప్రాశన ఆదివారం. నేను వెళ్ళి మంచి వెండి గిన్నె కొనుక్కొస్తానన్నాను.

"నువ్వు కొంటే అది నీ కానుక అవుతుంది. తప్పకుండా ఇవ్వు," అన్నారు అమ్మగారు. "నా కానుక నాది."

"మీ డబ్బంతా అయిపోయింది కదా అమ్మగారూ. నేనిస్తాను, మీరు కొన్నట్టే అనుకోండి."

"అనుకుంటే సరిపోయేదాన్ని ఆచారం అనరు."

తన మంచం కింది ట్రంకుపెట్టె లాగించారు. పట్టుచీర మడతల్లోంచి నాన్నగారి మరచెంబు తీశారు. రైలు ప్రయాణాల్లో నాన్నగారు మంచినీళ్ళకు వాడిన చెంబు. మర బిగించే మూత, మూతకు గొలుసు. అసలు వెండి. మా పెద్ద ఇంట్లో బీరువాల నిండా ఉన్న వెండిలో మా దాకా వచ్చినది అదొక్కటే. పోయేముందు నాన్నగారు దాన్ని అమ్మగారి చేతికిచ్చారు.

"నేను తీసుకెళ్తాను," అన్నాను.

"నేనే వస్తాను."

"మీరా? దుకాణానికా?"

"కొనడానికి ఎప్పుడూ వెళ్ళలేదు. అమ్మడానికి వెళ్ళకూడదని మీ తాతగారు చెప్పలేదు."

ట్యాక్సీలో కరోల్ బాగ్ వెళ్ళాం. దారంతా అమ్మగారు చెంబును ఒళ్ళో పెట్టుకుని, పైన చెంగు కప్పుకుని కూర్చున్నారు. కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద సంచులు తగిలించుకున్న పిల్లలు, ఈ-రిక్షాలు, చోలే బండ్లు. కారు లోపలికి పోలేదు. చివరి సందులో నా చెయ్యి పట్టుకుని నడిచారు. వెండి దుకాణం గడప దగ్గర ఆగి, ఒకసారి గడపను చూసుకుని, కుడికాలు పెట్టారు.

దుకాణదారు నెరిసిన మీసాల మనిషి. "ఆయియే మాతాజీ, బైఠియే," అని స్టూలు వేశాడు. చెంబును రాతి మీద గీసి, ద్రావకం చుక్క వేసి చూశాడు. పాత వెండి అన్నాడు. అయితే లోపల అతుకు ఉంది, అది తగ్గించాలి అన్నాడు. ఎంతిస్తాడో చెప్పాడు. నాకు తక్కువనిపించింది.

"భయ్యా, పురానీ చీజ్ హై, ఇత్నా తో..." అని బేరం మొదలుపెట్టాను.

"బాబూ," అన్నారు అమ్మగారు. చెంబును అతను చెప్పిన ధరకే ఇచ్చేశారు.

గిన్నెలు తెచ్చి ముందు పరిచాడు. ఒకటి అమ్మగారు రెండు చేతుల్లో పట్టుకుని చూశారు. గోటితో మీటారు. అది చాలాసేపు పలికింది. చెంచా కూడా ఎంచుకున్నారు. అప్పుడు నాతో, "ఒక మాట అడుగు. రేపు ఈ గిన్నెలో ఏదైనా తేడా వస్తే ఇతను ఇక్కడే ఉంటాడా?"

నేను హిందీలో అడిగాను. అతను నొచ్చుకోలేదు. కూర్చున్న గద్దెను అరచేత్తో తట్టి, "మాతాజీ, యహీఁ పితాజీ బైఠతే థే, యహీఁ మైఁ బైఠా హూఁ. జాఊఁగా కహాఁ?" అన్నాడు. మా నాన్న ఇక్కడే కూర్చున్నాడు, నేనూ ఇక్కడే కూర్చున్నాను, ఎక్కడికి పోతాను అని.

"అయితే ఇమ్మను," అన్నారు అమ్మగారు.

డబ్బుకు తగిన విలువ అంటే ఏమిటని బెంచీ మీద ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను ఆ గద్దె సంగతే చెబుతాను. వాళ్ళకు మిక్సీ గురించి కావాలి. నా మాట వాళ్ళకు నచ్చదు. ధర తక్కువా ఎక్కువా అన్నది తర్వాత. అమ్మినవాడు రేపు కూడా అక్కడే కూర్చుని ఉండాలి. అలా ఉండనివాడు రూపాయికి ఇచ్చినా అది దండగే.

ఆదివారం వియ్యాలవారు వచ్చారు. పసిపిల్లకు పట్టు గౌను వేశారు. అమ్మగారు గిన్నెలో పాయసం పోసి, చెంచాతో పిల్ల పెదవికి తాకించారు. పిల్ల మొహం చిట్లించి, ఆలోచించి, నోరు తెరిచింది. అందరూ నవ్వారు. తర్వాత వియ్యపురాలు ఖాళీ గిన్నె చేతిలోకి తీసుకుంది. నేను అనుకున్నట్టే బోర్లించి అడుగు చూసింది.

"వాహ్, బహుత్ అచ్ఛా పీస్ హై. కహాఁ సే లియా, మాతాజీ?" చాలా బాగుంది, ఎక్కడ తీసుకున్నారని అడిగింది.

"షావుకారు దగ్గర," అన్నారు అమ్మగారు తెలుగులోనే. నేను తర్జుమా చెయ్యలేదు. షావుకారు అన్న మాట పట్టుకుని వియ్యంకుడు నా వైపు చూసి తల ఊపాడు.

ఇత్తడి గిన్నె వంటింట్లో ఉంది. మా ఆవిడ అందులో అగ్గిపెట్టెలు పెట్టుకుంటుంది. మరచెంబును మూతా గొలుసూ కలిపి తూచారు. నాన్నగారి వస్తువని ఏమీ కలవలేదు, తూకానికే అమ్మాం.